బయటి గడియ

మేడ మీది గది,
మార్చి 9

పిట్టా,

ఈ ఉత్తరం రాస్తున్నది నా కోడలు. ఎవరి మీద ఫిర్యాదు చెప్పుకోవాలో ఆమె చేతే ఆ ఫిర్యాదు రాయించుకోవాల్సిన గతి పట్టింది నాకు. ఈ ఇంట్లో నా మాట కాగితం మీద పెట్టే తీరిక ఇంకెవరికీ లేదు. ఫోనులో నీకు వినపడదు. నువ్వు ముప్పై ఏళ్లు అచ్చు యంత్రం పక్కన కూర్చుని ప్రూఫులు దిద్ది చెవులు పోగొట్టుకున్నావు. నేను ఏ బడి గడపా తొక్కక అక్షరాలు పోగొట్టుకున్నాను. మనిద్దరి మధ్యా ఈ పిల్ల ఉంది.

షరతు ముందే పెట్టాను. కటింగ్ బల్ల దగ్గర కొలతలు రాసుకునే పద్ధతే దీనికీ. ఒకరు కొలత పిలవాలి, ఇంకొకరు రాయాలి, రాసింది పైకి చదవాలి, పిలిచిన మనిషి 'సరే' అన్నాకే గుడ్డ మీద కత్తెర పడాలి. నేను తిట్టింది తిట్టినట్టు రాయాలి. నీ జవాబు వచ్చినా అంతే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైకి చదవాలి, మధ్యలో ముక్క మింగకూడదు. ఒప్పుకుంది. ఆ ఒక్క విషయంలో ఆమెను నమ్ముతాను. పదకొండేళ్లుగా మా కొలతల పుస్తకం ఆమే రాస్తోంది, పావు అంగుళం తేడా రాలేదు.

ఇక నా కేసు విను.

ఈ గది తలుపుకు బయట గడియ పెట్టి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పెట్టించింది నా కొడుకు. వేసేదీ తీసేదీ ఈ రాస్తున్న మనిషి. పొద్దున తిండీ మందులూ, మధ్యాహ్నం తిండి, సాయంత్రం అరగంట వరండాలో నడక. కిటికీకి ఊచలు. ఊచల్లోంచి ఎదురింటి గోడ, గోడ మీద తుప్పు పట్టిన నీళ్ల గొట్టం. అంతే నా ప్రపంచం. కింద వర్క్‌షాపులో తొమ్మిది మిషన్లు నడుస్తుంటాయి. ఏ చప్పుడు ఎవరి మిషనుదో పడుకుని చెప్పగలను. నాలుగో మిషను బెల్టు వదులైంది, చెప్పి పంపాను, పిచ్చిదాని మాట ఎవరు వింటారు.

నేను చేసిన నేరం ఇది. ఆసుపత్రి గౌన్లకు ఆర్డరు వచ్చింది. గుడ్డ నలభై పొరలు పరిచి చేతులు కోశాను. ఎనభై చేతులూ ఎడమవే వచ్చాయి. పొరలు ఎదురెదురుగా పరచడం మరిచాను. యాభై నాలుగేళ్లలో ఇలాంటి తప్పు నా కత్తెర కింద జరగలేదు. నేనే బిత్తరపోయి నిలబడి ఉంటే, ఇస్త్రీ చేసే ఆయన నవ్వుతూ, ఇక ఆ ఆసుపత్రివాళ్లు రోగులందరికీ కుడి చెయ్యి తీసేయాల్సిందేనన్నాడు. ఇస్త్రీపెట్టె విసిరాను. తగల్లేదు. తగలాలనే విసిరాను, ఆ మాట దాచను. గోడ పెచ్చు ఊడింది.

అక్కడి నుంచి నా మీద ఒక్కొక్క మాటా పోగుపడింది. నిద్రపోదు, ఊరికే అరుస్తుంది, ఎంత పెట్టినా ఆకలంటుంది, ముఖం పూర్ణచంద్రుడిలా ఉబ్బింది. ఉబ్బింది, కాదనను. నా కళ్ల జబ్బు నీకు తెలిసిందే. ఏడాదిన్నర కింద కణతల దగ్గర రక్తనాళం వాచి, దువ్వెన తగిలితే నెత్తి భగ్గుమని, ఒకరోజు సూదిబెజ్జం కనపడక ఆసుపత్రికి పరిగెత్తాం. స్టెరాయిడ్ మాత్రలు మింగకపోతే చూపు పోతుందన్నారు. రోజుకు పన్నెండుతో మొదలుపెట్టి నెమ్మదిగా మూడుకు దించారు. మూడు మీద నిక్షేపంగా పని చేసుకున్నాను. ఇప్పుడూ ఆ మూడే. మరి ఈ ఉబ్బెందుకో, ఈ కోపమెందుకో ఎవరికీ అంతు పట్టలేదు కాబట్టి నాకు మతి చెడిందని తేల్చారు.

ఊరి బయట మనసు చెడినవాళ్లను ఉంచే గృహం ఒకటుందట. మే ఒకటిన అక్కడ ఒక మంచం ఖాళీ అవుతుందట. నన్ను చేర్చాలంటే కొడుకు సంతకం, తోడబుట్టినవాళ్ల సంతకం, రెండూ కావాలి. నాకు తోడబుట్టింది నువ్వొక్కదానివే. ఆ కాగితం నీకు పోస్టులో వస్తుంది. సంతకం పెట్టకు. అదే నా కేసు, మిగతాదంతా సాక్ష్యం.

నీ పార్సిల్ అందింది. దిండు గలీబు మెత్తగా ఉంది. ఇంకోటి పంపు.

మీ అక్క

(రాసింది చదివి వినిపించాను, 'సరే' అన్నారు. గడియ వేసేది నేనేనన్న మాట నిజం. — కోడలు)


అచ్చాఫీసు వెనక వీధి,
మార్చి 21

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అక్షరదోషం ఒక్కటీ లేదు, నీ కోడలికి చెప్పు.

కాగితం వచ్చింది. సొరుగులో పెట్టాను. దానితోపాటు అబ్బాయి నాలుగు ముక్కలు రాశాడు. "పిన్నీ, నాకు వేరే దారి తోచడం లేదు. అమ్మ చేతిలో కత్తెర ఉంటే బల్ల దగ్గరికి రావడానికి పనివాళ్లు భయపడుతున్నారు. అమ్మను చూస్తే నాకూ భయమేస్తోంది, ఆ మాట ఎవరితో చెప్పుకోను" అన్నాడు. వాడు చెడ్డవాడు కాడక్కా. వాడిని ఎత్తుకుని పెంచిన చేతుల్లో నావీ రెండున్నాయి.

నువ్వు మండిపడతావని తెలిసీ రాస్తున్నాను. కొన్నాళ్లు ఎవరో ఒకరు నిన్ను కనిపెట్టి ఉంటే మంచిదేమో. ఆ గృహంలో తోట ఉందట, డాక్టరు రోజూ వస్తాడట. నీకు అరవై ఏడు వచ్చాయి. పదమూడో ఏట నన్ను బడికి పంపించి నువ్వు కత్తెర పట్టావు, ఇక దించితే తప్పేముంది. నిర్ణయం ఏమీ చేయలేదు, ఊరికే ఆలోచిస్తున్నాను.

నేను బాగున్నాను. ఆపరేషన్ తర్వాత ఇంత హుషారు నాకు ఎప్పుడూ లేదు. కొత్త గలీబు కుడుతున్నాను. పాతది రోజూ వాడుతున్నావా? మధ్యలో మానకు.

నీ పిట్ట


మేడ మీది గది,
ఏప్రిల్ 3

పిట్టా,

సొరుగులో పెట్టానంటావేమిటి. సొరుగులో పెట్టేది తర్వాత తీయడానికే కదా. చించి పొయ్యిలో పెట్టానని రాసుంటే నువ్వు నా చెల్లెలివి. తోట ఉందట తోట. గడియ బయట ఉన్న చోట తోట ఉన్నా ఒకటే, శ్మశానం ఉన్నా ఒకటే.

మొన్న నన్ను ఇద్దరు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లారు. కారులో వెనక సీట్లో ఈ పక్క కొడుకు, ఆ పక్క కోడలు, మధ్యలో నేను. దొంగను పట్టుకెళ్లినా ఇంత జాగ్రత్త పడరు.

మొదట కళ్ల జబ్బుకు మందిచ్చే డాక్టరు. నా ముఖం అటూ ఇటూ తిప్పి చూశాడు. ముంజేతుల మీద మచ్చలు చూశాడు, ఎవరూ కొట్టకుండానే కమిలిపోతున్నాయి. సుగరు మూడొందలకు దగ్గరగా ఉంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నాడు, లేవలేకపోయాను. మూడు మాత్రలకు ఇంత జరగదే అని గొణుక్కుని, నా కోడలి వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. ఎక్కువ మింగిస్తోందా అని. ఆమె మాత్రల డబ్బా తెచ్చి ఆయన బల్ల మీద బోర్లించి, కొన్న తేదీ చెప్పి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపించింది. సరిగ్గా సరిపోయాయి. అప్పుడాయన నన్ను అడిగాడు, పసరో, పొడో, పక్కింటివాళ్ల మాత్రలో ఇంకేమైనా మింగుతున్నారా అమ్మా అని.

లేదన్నాను. నా కళ్ల మీద ఒట్టు పెట్టి చెప్పాను.

మాత్రలు మూడు నుంచి ఒకటిన్నరకు కోసేశాడు. ఒంటి తీరు చూస్తే ఇదే ఎక్కువైనట్టుంది, తలనొప్పి తిరగబెడితే వెంటనే రమ్మన్నాడు.

రెండో ఆయన మనసు డాక్టరు. ఇవాళ తారీఖు ఎంత, ఏ ఊళ్లో ఉన్నారు, మీ అబ్బాయికి ఎన్నేళ్లు. అన్నీ చెప్పాను. వందలోంచి ఏడేడు తీసుకుంటూ పొమ్మన్నాడు. అంగుళాల లెక్కల్లో పుట్టి పెరిగినదాన్ని, చివరిదాకా పోయాను, మధ్యలో ఆయనే వేలు తప్పాడు. ఆ మాట అంటే ముఖం ముడుచుకుని ఏదో రాశాడు. ఏం రాశారని కోడలిని అడిగాను. 'జ్ఞాపకశక్తి బాగుంది, ఆవేశం అదుపులో లేదు, పర్యవేక్షణ అవసరం' అని చదివింది. జ్ఞాపకం బాగుండి కూడా బందీని అయ్యాను చూడు.

మంచం ఇంకా మే ఒకటికే ఉంది. నువ్వు ఊరికే ఆలోచిస్తున్నానన్నావు. త్వరగా ఆలోచించు.

గలీబు రోజూ వాడుతున్నాను.

మీ అక్క

(చదివి వినిపించాను, 'సరే' అన్నారు.)

[అదే కవరులో, వేరే మడిచిన చీటీ]

చిన్నత్తయ్యా, ఇది అత్తయ్యకు చదివి వినిపించలేదు. పద్ధతి తప్పానని తెలుసు. రాయడానికి సిగ్గుగానే ఉంది గాని అడగడానికి నాకు ఇంకెవరూ లేరు. అత్తయ్య లోపలి బట్టలు ఆవిడే ఉతుక్కుంటున్నారు, ఎవరినీ ముట్టనివ్వడం లేదు. నిన్న ఆరేసినవి తీస్తుంటే మరకలు కనిపించాయి. రక్తం మరకలు. ఈ వయసులో అలా వస్తుందా? మీ ఇంటి ఆడవాళ్లలో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా? మీ అబ్బాయితో చెప్పలేను, అత్తయ్యను అడిగితే ఇస్త్రీపెట్టె నా మీద పడుతుంది. — కోడలు


అచ్చాఫీసు వెనక వీధి,
ఏప్రిల్ 12

అక్కా,

ఆ గలీబు ఇక వాడకు. ఈ ఉత్తరం విన్న రోజే తీసి పారేయి. అందులో వాడినది మంచి రకం కాదని తెలిసింది. కారణం కలిసినప్పుడు చెబుతాను, ఇప్పుడు అడగకు. కొత్తది పంపను.

ఇంతకంటే ఇవాళ రాయలేను.

పిట్ట

[కోడలికి విడిగా]

అమ్మాయీ, మా ఇంట్లో అలాంటి జబ్బు ఎవరికీ లేదు. ఆడవాళ్ల డాక్టరుకు చూపించు. కంగారు పడకు. నేను ఈ సంగతి ఎత్తానని అక్కతో అనకు.


ఆసుపత్రి, రెండో అంతస్తు, ఆడవాళ్ల వార్డు,
ఏప్రిల్ 25

చిన్నత్తయ్య గారికి,

ఇది నా అంతట నేను రాస్తున్నాను. అత్తయ్య మాట్లాడే స్థితిలో లేరు.

మీ ఉత్తరం పదిహేనో తారీఖున అందింది. చదివి వినిపించాను. అత్తయ్యను దిండు గలీబు విప్పి ఇమ్మంటే, తానే పారేస్తానని తీసుకున్నారు. గలీబు పారేయమన్నంత మాత్రాన మనిషి ముఖం అలా పాలిపోతుందా అని నాకు అనుమానం వచ్చింది. అడగలేదు.

ఇరవై తర్వాత అరుపులు తగ్గాయి. మందు తగ్గించడం పనిచేస్తోందని మీ అబ్బాయి సంతోషించారు. నాకు సంతోషం కలగలేదు. అరవకపోవడం కాదది, అరవడానికి ఓపిక లేకపోవడం. తిండి సహించలేదు, రెండు రోజులు వాంతులు. నిన్న పొద్దున గడియ తీసి లోపలికి వెళ్తే నేల మీద ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. బయట గడియ ఉంది కదా, తలుపు కొట్టినా మిషన్ల చప్పుడులో మాకు వినపడదు.

బి.పి. అందలేదన్నారు. సెలైన్ పెట్టి, స్టెరాయిడ్ సూదిమందు ఇస్తే గంటలో కళ్లు తెరిచారు. డాక్టరు తలపట్టుకున్నారు. నేను సగానికి తగ్గిస్తే మొత్తం ఆపేసినట్టు పడిపోయారేమిటి, మొన్నేమో మూడు వేస్తే ఆరు వేసినట్టు ఉబ్బారు, ఈవిడ ఒంట్లో ఏదో నా కంట పడకుండా తిరుగుతోంది అన్నారు. అత్తయ్యను మళ్లీ అడిగారు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఎడమ కంట్లో పైనుంచి తెర దిగినట్టుందని అంటున్నారు. కణత నొప్పి తిరగబెట్టింది. ఆ కన్ను ఎంత నిలుస్తుందో చెప్పలేమన్నారు.

ఇంకో సంగతి. ఇంట్లో పెట్టుకుని చూసుకోలేమని ఇప్పుడు రుజువైందన్నది మీ అబ్బాయి మాట. ఆసుపత్రి నుంచి నేరుగా ఆ గృహానికే. మంచాన్ని పదో తారీఖు దాకా ఆపించారు. మీ సంతకం కోసం చూస్తున్నారు.

చిన్నత్తయ్యా, నేను కొలతలు రాసే మనిషిని. పొడవు సరిపోయి వెడల్పు సరిపోకపోతే కొలత తప్పు కాదు, పిలిచినవాళ్లు ఒకటి పిలవలేదని అర్థం. మీరిద్దరూ పిలవనిది ఏమిటి?

కోడలు


అచ్చాఫీసు వెనక వీధి,
ఏప్రిల్ 29

అక్కా,

ఈ ఉత్తరం నీ కోడలు చదువుతుంది. అమ్మాయీ, ఒక్క మాట వదలకుండా చదువు. అక్క ఆపమన్నా ఆపకు. అబ్బాయిని కూడా పిలిచి పక్కన నిలబెట్టు.

పోయిన సెప్టెంబరులో నాకు గర్భసంచి, దానితోపాటు రెండు పక్కల అండాశయాలు తీసేశారు. ఆ తర్వాత ఒళ్లంతా సెగలు, ఏడుపు, నిద్ర లేకపోవడం. డాక్టరమ్మ హార్మోన్ మాత్రలు ఇచ్చింది. రెండు వారాల్లో నాకు నేను తిరిగి దొరికాను. నవంబరులో నీ దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు నన్ను ఎగాదిగా చూసి, ఏం తింటున్నావే ఇంత నిగనిగలాడుతున్నావు అన్నావు. కళ్ల మందు మొదలెట్టాక నా ఒళ్లు నాది కానట్టుంది, బల్ల దగ్గర గంట నిలబడితే కాళ్లు పీకుతున్నాయి అన్నావు. నా సంచిలోంచి రెండు అట్టలు తీసి నీ చేతిలో పెట్టాను. ఎవరికీ చెప్పకు, డాక్టర్లు ఒకరి మందు ఒకరికి అంటే ఒప్పుకోరు అన్నాను. తర్వాతి అట్టలు గలీబు అంచులో పెట్టి కుట్టి పంపాను. నెలనెలా.

నీ ముఖం ఉబ్బిందన్నప్పుడు నాకు తోచలేదు. నాకు ఉబ్బలేదు కదా. ఏప్రిల్‌లో నీ కోడలు విడిగా ఒక చీటీ పెట్టింది. నీ బట్టల మీద రక్తం మరకలు చూశానని. అప్పుడు గుర్తొచ్చింది. నాకు మందు రాసేటప్పుడే డాక్టరమ్మ చెప్పింది, గర్భసంచి లేనివాళ్లకే ఇది ఒక్కటిగా ఇస్తాం, ఉన్నవాళ్లకు ఇలా ఇస్తే రక్తం కనపడుతుంది, ఇంకా పెద్ద ప్రమాదాలూ ఉన్నాయని. నీకు గర్భసంచి ఉందని నాకు గుర్తు రాలేదా అంటే, రాలేదు. నీ ఒళ్లూ నా ఒళ్లూ ఒకటే అనుకున్నాను.

తెలిశాక ఏం చేశాను? గలీబు పారేయమని రాశాను. నీ కోడలు చదువుతుందని భయపడి ఒక్క ముక్క నిజం రాయలేదు. దేశంలో అందరి తప్పులూ ఎర్ర సిరాతో దిద్దినదాన్ని, నా తప్పు దగ్గర కలం మూసేశాను.

అమ్మాయి రెండో ఉత్తరం చూశాక డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తి అంతా చెప్పాను. ఆవిడ అన్నది ఇది. నోటితో మింగే ఆ హార్మోన్ ఒంట్లో ఉంటే, స్టెరాయిడ్‌ను కాలేయం ఎప్పటి వేగంతో బయటికి పంపలేదట. మింగింది మూడే అయినా లోపల నిలిచి అంతకంటే ఎక్కువ పనిచేస్తుందట. ఎంత ఎక్కువో మనిషిని బట్టి ఉంటుందట, ఎవరూ అంగుళాల్లో కొలిచి చెప్పలేరట. ఉబ్బు, సుగరు, కమిలిన చేతులు, నిద్ర లేకపోవడం, ఆ కోపం, అన్నీ అందులోవే. నీకు మతి చెడలేదక్కా. నేనే చెడగొట్టాను.

ఇక రెండోది. నా మాట విని నువ్వు ఆ మాత్రలు ఆపావు. లోపల నిలిచినది తరగడం మొదలైంది. అప్పటికే అక్కడ డాక్టరు, సంగతి తెలియక, స్టెరాయిడ్ సగానికి కోసి ఉన్నాడు. ఏడాదిన్నరగా బయటి నుంచి వస్తోంది కదా అని నీ ఒళ్లు తన సొంతంగా దాన్ని తయారు చేసుకోవడం మానేసి కూర్చుంది. రెండు వైపులా ఒకేసారి లాగేసరికి పడిపోయావు. నేను అప్పుడే నిజం రాసి ఉంటే ఆయన కోసింది వెంటనే తిరిగి పెంచేవాడు.

డాక్టరమ్మ అక్కడి డాక్టరుకు రాసిన కాగితం ఇందులో ఉంది. ఈ రోజే ఇవ్వండి.

ఇంకొకటి మిగిలింది. అబ్బాయి పంపిన కాగితం మీద నేను మార్చి ఇరవై అయిదునే సంతకం పెట్టాను. పెట్టి, కవరులో వేసి, తపాలా బిళ్ల అంటించి, పోస్టు చేయకుండా నెల రోజులు సొరుగులో ఉంచాను. సంతకం పెట్టలేదని నువ్వు అనుకుంటున్నావు. పెట్టాను. ఈ పొద్దున చించాను.

పిట్ట


మేడ మెట్లు,
జూన్ 16

పిట్టా,

నీకు జవాబు రాయడానికి నెలన్నర పట్టింది. రాసే చెయ్యి సిద్ధంగానే ఉంది, చెప్పే నోటికే ధైర్యం చాలలేదు. నిన్ను తిట్టడానికి ధైర్యం ఎందుకూ అనుకునేవు. తిట్లు చివర్లో ఉన్నాయి, ముందు నా సంగతి.

నీ ఉత్తరం కోడలు వార్డులో చదివింది. కొడుకును నిలబెట్టే చదివింది. తను పెట్టిన చీటీ సంగతి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, "ఇది మీకు చదవకుండా పంపాను అత్తయ్యా" అని ఒప్పుకుని మళ్లీ చదివింది. రక్తం మరకల మాట వాడి ముందే చదివింది. పక్క మంచాలవాళ్లు కూడా విన్నారు. ముసుగు తన్నుకుందామంటే చేతికి సెలైను గొట్టం. సంతకం ముక్క దగ్గర ఆమె కాగితం దించింది. చదువు అన్నాను. చదివింది. 'సరే' అనమన్నట్టు నా వైపు చూసింది. అలవాటు. నేను అనలేదు.

ఇప్పుడు నేను పిలవని కొలత. నువ్వు రోజుకొకటి అన్నావు. జనవరిలో ఆ గౌన్ల ఆర్డరు ఖాయమైనప్పటి నుంచి నేను రెండు మింగాను. ఒకటికి ఇంత బలమైతే రెండింటికి అంత కదా అనుకున్నాను. గలీబు అంచు పళ్లతో విప్పేదాన్ని, కత్తెర లాక్కున్నారు గదా. డాక్టరు నా కోడలి వైపు దొంగను చూసినట్టు చూసినప్పుడు నాకు తెలుసు, దొంగ ఎవరో. నోరు విప్పలేదు. ఆమె పరువు పోతుంటే నా అట్టలు కాపాడుకున్నాను. మార్చిలో ఈ మనిషి మీద నేను చెప్పిన కేసు కొట్టేశాను. ఈ వాక్యం రాయనంటోంది, తన గురించి తానే ఎలా రాసుకోనని. పద్ధతి గుర్తు చేశాను. పిలిచింది రాయాలి.

కాగితం చూసి డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, నెల రోజులుగా మీ అత్తగారు నన్ను పిచ్చివాణ్ని చేశారమ్మా అన్నాడట. స్టెరాయిడ్ మళ్లీ పెంచాడు, ఇక నెలకు ఇంత అని పిసరంత పిసరంతగా దించుతాడట. ఏడాది, ఏడాదిన్నర. మానితే కన్నూ ప్రాణమూ రెండూ పోతాయి, మింగితే ఎముకలూ కండలూ పోతాయి. ఇటు గోడ, అటు గోడ. ఆ సందులోనే నడవాలి. ఆడవాళ్ల డాక్టరు గర్భసంచిలోంచి ముక్క తీసి పరీక్షకు పంపింది, చెడ్డదేమీ లేదంది. ఎడమ కన్ను సగం నిలిచింది. నిలిచిన సగంలో కింది సగమే కనిపిస్తుంది. ఆ కంటికి మనుషుల కాళ్లు కనపడతాయి, ముఖాలు కనపడవు. కొందరి విషయంలో అదే మేలు.

కోపం తగ్గింది. తగ్గిందని నేను చెప్పడం లేదు, ఇస్త్రీ చేసే ఆయన చెప్పాడు. మొన్న మేడ మీదికి వచ్చి పలకరించి, పారిపోవడానికి వీలుగా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎడమ చేతుల మాట నేనే ఎత్తాను. నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. ఆ రోజు ఎందుకు రాలేదో ఇప్పుడు తెలుసు గాని, తెలిసినా ఆ పెట్టె విసిరిన చెయ్యి నాదే కదా పిట్టా. మందు విసిరిందని చెప్పుకుంటే నాకు ఊరట దొరకడం లేదు.

ఆ మంచం ఇంకెవరికో ఇచ్చేశారట. ఎవరో ఆడమనిషికే. ఆవిడ ఏమేం మింగుతోందో అడిగినవాళ్లు ఉన్నారో లేదో.

అబ్బాయి గడియ తనే ఊడదీశాడు. నాకు క్షమాపణ చెప్పలేదు, నేను అడగలేదు. తలుపు దగ్గర నేల మీద కూర్చుని స్క్రూలు విప్పాడు. నాలుగు స్క్రూలకు అరగంట పట్టదు. వాడికి పట్టింది. చివరిది చేతిలో పెట్టుకుని, "అమ్మా, ఆ రోజు నువ్వు తలుపు కొట్టావా?" అని అడిగాడు. కొట్టలేదురా, ఓపిక లేదు అన్నాను. కొట్టాను. ఈ ఒక్కటి వాడికి చదివి వినిపించకూడదని కోడలికి చెప్పాను. తలూపింది.

ఇక తిట్లు. నీ మీద నాకు కోపం పోలేదు. మాత్రలు ఇచ్చినందుకు కాదు, అడిగింది నేను. గలీబు పారేయమని రాసి కారణం దాచావే, అందుకు. ఇంకా ఆ సంతకానికి. ఇప్పుడే బయల్దేరి రాకు. వస్తే ఏడుస్తావు, నీ ఏడుపు నేను ఓదార్చాలి, అంత ఔదార్యం నా దగ్గర ఇంకా పోగవలేదు. ఉత్తరాలు రాయి. ఏ మాత్ర మింగుతున్నావో, ఎప్పుడు మింగుతున్నావో ప్రతి ఉత్తరంలో రాయి. నేనూ చెబుతాను. అక్కాచెల్లెళ్లం ఇంకేమీ మాట్లాడుకోకపోయినా సరే, అది మాత్రం రాసుకుందాం.

గడియ పోయాక మొదటి రోజు గుమ్మం దాటి మెట్ల దగ్గర నిలబడ్డాను. పద్దెనిమిది మెట్లు. వర్క్‌షాపు కిందే ఉంది, నాలుగో మిషను చప్పుడు వినిపిస్తోంది, తలుపు తెరిచి ఉంది, ఆపేవాళ్లు లేరు. కాలు కిందికి దించబోతే తొడలో కండ నిలవలేదు. ఆ మాత్రలు తినేశాయట, తిరిగి రావాలంటే నెలలు పడుతుందట. ఇన్నాళ్లూ గడియ చూసి తిట్టాను. గడియ తీసేశాక తిట్టడానికి ఏమీ దొరకలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి తిరిగి మంచం మీదికి వెళ్లాను.

మర్నాడు కూర్చున్నాను. మొదటి మెట్టు మీద చతికిలబడి, చేతులు ఆనించి, పాకే పిల్లలా రెండో దాని మీదికి జారాను. కింద పనిచేసేవాళ్లు చూస్తారని కొడుకు అన్నాడు. చూడనీ అన్నాను. కుర్చీలో ఎత్తి దించుతామన్నారు. నా కాళ్లు దిగని చోటికి నేను వెళ్లను అన్నాను.

ఈ ఉత్తరం ఎనిమిదో మెట్టు మీద కూర్చుని చెబుతున్నాను. కోడలు తొమ్మిదో మెట్టు మీద, నాకు వీపు తిప్పి కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తోంది. పక్కకు జరగవే, పడితే నీ మీదే పడతాను అన్నాను. అందుకే ఇక్కడ కూర్చున్నానంది.

ఇంకా పది ఉన్నాయి. రాసింది చదివింది. సరే అన్నాను. జరగమన్నాను.

మీ అక్క